ఫ్యాషన్ ఫొటోషూట్ స్టైలింగ్: దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ వస్త్ర వ్యాపారంలో తెరవెనుక పని

ఫ్యాషన్ ఫొటోషూట్ స్టైలింగ్ అంటే అమ్మకం కోసమో, ప్రకటన కోసమో, పత్రిక కోసమో తీసే ఫొటోలో దుస్తులు, నగలు, చెప్పులు, జడ, పూలు, చుట్టూ ఉండే సామగ్రి ఒకదానికొకటి కుదిరేలా ఎంచి, సమకూర్చి, కెమెరా ముందు చెదరకుండా చూసుకునే పని. ఆ పని చేసేవారు స్టైలిస్ట్. డిజైనర్ దుస్తులను సృష్టిస్తే, అప్పటికే తయారై ఉన్న దుస్తులను స్టైలిస్ట్ ఫొటోకు సిద్ధం చేస్తారు. సినిమా కాస్ట్యూమర్‌ది మరో దారి. ఆయన పాత్రకు బట్టలు కుదురుస్తారు, స్టైలిస్ట్ సరుకుకు మనిషిని కుదురుస్తారు.

తూర్పు హైదరాబాద్‌లో మలక్‌పేట దాటాక దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా సాగే వ్యాపార వీధిలో ఈ పనికి ముఖ్య వస్తువు చీర. ఖరీదైన ఫ్యాషన్ పత్రికల షూట్లలో లేని షరతు ఒకటి ఇక్కడ ఉంది. పొద్దున మోడల్ కట్టుకున్న చీర సాయంత్రానికి మళ్లీ షోరూం మడతలోకి వెళ్లి, కొత్త చీరగానే అమ్ముడుపోవాలి. ఈ వ్యాసంలో చెప్పే ఇబ్బందుల్లో చాలావాటికి మూలం ఆ షరతే.

ప్రాంతం

దిల్‌సుఖ్‌నగర్ విజయవాడ వెళ్లే 65వ నంబరు జాతీయ రహదారిపై ఉంది. కోచింగ్ సెంటర్లు, సాఫ్ట్‌వేర్ శిక్షణ కేంద్రాలు, హాస్టళ్లకు ఎంత పేరో బట్టల దుకాణాలకూ అంతే పేరు. చందన బ్రదర్స్, ఆర్.ఎస్. బ్రదర్స్, సౌత్ ఇండియా షాపింగ్ మాల్ వంటి పెద్ద షోరూంల శాఖలు ఈ వీధిలో ఉన్నాయి. వాటి పక్క సందుల్లో మ్యాచింగ్ సెంటర్లు, లేడీస్ టైలర్లు, మగ్గం వర్క్ చేసేవాళ్లు, ఫాల్–పీకో కుట్టేవాళ్లు, చీరల రోలింగ్ దుకాణాలు, వన్ గ్రామ్ గోల్డ్ నగల కొట్లు కనిపిస్తాయి. స్టైలిస్ట్‌కు షోరూం కంటే ఈ సందుల అవసరమే ఎక్కువ.

లాల్ బహదూర్ నగర్ పొడి పేరే ఎల్‌బీ నగర్. ఒకప్పుడు వేరే మునిసిపాలిటీగా ఉండి, 2007లో ఏర్పడిన గ్రేటర్ హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్‌లో కలిసింది. అమీర్‌పేట–ఎల్‌బీ నగర్ మెట్రో 2018 సెప్టెంబరు 24న మొదలైంది. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, ఎల్‌బీ నగర్ ఈ దారిలోని చివరి నాలుగు స్టేషన్లు. సినిమా దుస్తులు, నగలు అద్దెకిచ్చే కృష్ణానగర్‌కు వెళ్లాలంటే అమీర్‌పేటలో రైలు మారి యూసుఫ్‌గూడలో దిగితే సరిపోతుంది. షూట్ మధ్యలో వడ్డాణం కావలసివస్తే రోడ్డు మీద కారును నమ్ముకోవడం కన్నా అసిస్టెంట్‌ను మెట్రో ఎక్కించడం మేలు.

ఎల్‌బీ నగర్ చౌరస్తా చేనేత గ్రామాలకు వాకిలి కూడా. యాదాద్రి భువనగిరి జిల్లాలోని భూదాన్ పోచంపల్లికి, తేలియా రుమాళ్లకు పేరుపడ్డ పుట్టపాకకు ఇటునుంచే రోడ్డు. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో, తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు లభించింది.

చరిత్ర

హైదరాబాద్‌లో ముస్తాబు చేసి ఫొటో తీయించుకోవడం సంపన్నుల ఇళ్లలో మొదలైంది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా లాలా దీన్‌దయాళ్ (1844–1905) 1892లో ఆడవాళ్ల కోసం ప్రత్యేకంగా ఒక జనానా స్టూడియో తెరిచారు. పరదా పాటించే కుటుంబాల స్త్రీలు పరాయి మగవాళ్ల కంట పడకుండా చుట్టూ ఎత్తైన గోడలు కట్టించి, నిర్వహణను కెన్నీ–లెవిక్ అనే ఆంగ్ల మహిళకు అప్పగించారు. దుస్తులు మార్చుకునే చాటు, లోపలికి ఎవరు రావచ్చు, కొంగు ఎవరు సర్దాలి అన్న ప్రశ్నలు అప్పటివే. నేటి షూట్లలోనూ ఇవి తీరలేదు (చూ. మనుషులు).

ప్రపంచంలో ఆధునిక ఫ్యాషన్ ఫొటోగ్రఫీకి తొలి మెట్టుగా ఎక్కువమంది చెప్పేది ఎడ్వర్డ్ స్టైకెన్ 1911లో తీసిన ఫొటోలు. పారిస్ డిజైనర్ పాల్ పొవారే గౌన్లు వాటిలో ఉన్నాయి. చాలాకాలం బట్టల ఎంపిక పత్రికల ఫ్యాషన్ సంపాదకుల పనిగానే సాగింది. స్టైలిస్ట్ వేరే వృత్తిగా, పేరు వేయదగ్గ వ్యక్తిగా స్థిరపడింది 1980లలో లండన్‌లో రే పెట్రీ వంటివారితో. మన దేశంలో ‘ఫెమినా’ 1959లో, ‘వోగ్’ భారతీయ సంచిక 2007లో మొదలయ్యాయి.

తెలుగు నేల మీద ఆ పనిని ముందు సినిమా మోసింది. నటి వాణిశ్రీ కొప్పు, జాకెట్టు, చీరకట్టు 1970లలో ఊరూరా టైలర్ దగ్గరికి చేరాయి. బట్టల ప్రకటనకు అంతకు మించిన నమూనా అవసరం రాలేదు. హైదరాబాద్‌లో ఫ్యాషన్ విద్యాసంస్థ నిఫ్ట్ 1995లో వచ్చింది. అదే ఏడాది ఈటీవీ ప్రసారాలు మొదలయ్యాయి. వస్త్ర దుకాణాల ప్రకటనలకు తెలుగు టీవీలో చోటు పెరిగి, చీరలు కట్టుకున్న తారల ఫొటోలు హోర్డింగుల నిండా పరుచుకున్నాయి. ఆ తర్వాతి దశ ఆన్‌లైన్. ఫోన్‌లో ఫొటో చూసి చీర కొనే అలవాటు వచ్చాక వందల చీరలకు ఒక్కొక్కదానికీ విడిగా ఫొటో కావలసి వచ్చింది. చిన్న దుకాణానికీ స్టైలిస్ట్ అవసరం కలిగింది అప్పుడే.

రకాలు

ఈ ప్రాంతంలో ఎక్కువగా జరిగేది క్యాటలాగ్ షూట్. తెల్లటి లేదా లేతరంగు తెర ముందు మోడల్ నిలబడితే ముందు, వెనుక, పైట, కుచ్చిళ్లు, అంచు దగ్గరగా అంటూ ప్రతి చీరకూ నాలుగైదు కోణాలు తీస్తారు. ఆన్‌లైన్ అంగళ్లకు నియమాలు ఉంటాయి. ఉదాహరణకు అమెజాన్‌లో ప్రధాన చిత్రానికి వెనుక తెర స్వచ్ఛమైన తెలుపే ఉండాలి, సరుకు చట్రంలో కనీసం 85 శాతం నిండాలి. మోడల్ ఖర్చు భరించలేనివాళ్లు బొమ్మకే కట్టి తీస్తారు. బొమ్మ చెమటపట్టదు, అలసిపోదు. కానీ దానికి నడుము వంగదు కాబట్టి పైట బిగిసినట్టే ఉంటుంది.

ప్రకటన షూట్‌లో చీరలు తక్కువ, మనుషులు ఎక్కువ. తీసిన ఒకే ఫొటో అడ్డంగా హోర్డింగ్‌కూ, నిలువుగా మెట్రో పిల్లర్ బోర్డుకూ, ఇంకా సన్నగా ఫోన్ తెరకూ పనికిరావాలి. కొంగు పక్కకు చాచి అందంగా తీసిన చిత్రం పిల్లర్ బోర్డుకు కత్తిరించేసరికి కొంగు పోయి మోచేయి మిగులుతుంది. అందుకే కొంగు ముందుకు తెచ్చి ఒకటి, పక్కకు వదిలి ఒకటి, డిస్కౌంట్ అంకెలు పడే చోటు ఖాళీగా వదిలి ఒకటి తీసుకుంటారు.

లైవ్ అమ్మకాల వీడియోల్లో స్టైలింగ్ ఆ క్షణంలో జరిగేదే. చీర భుజాన వేసి చూపి పక్కన పెట్టేస్తారు. ఓణీల ఫంక్షన్, ప్రీవెడ్డింగ్ షూట్లు వ్యక్తిగతమైనవి. వాటిలో బట్టలు సొంతవో అద్దెవో అయివుంటాయి గనుక మడత బాధ లేదు. పత్రికలకు కథలా అల్లే ఎడిటోరియల్ షూట్లు నగరం పడమటి వైపే ఎక్కువ.

మనుషులు

షూట్‌లో స్టైలిస్ట్‌తో పాటు ఫొటోగ్రాఫర్, మేకప్ ఆర్టిస్ట్, జడ వేసేవారు, చీర కట్టే డ్రేపర్, లైట్లు పట్టే కుర్రాళ్లు, తర్వాత ఫొటోలు దిద్దే రీటచర్ ఉంటారు. దుకాణం తరఫున ఒకరు చీరల పెట్టెల పక్కనే కూర్చుంటారు. ఏ చీర బయటికి వచ్చింది, ఏది లోపలికి వెళ్లింది అన్న లెక్క వారి దగ్గరే ఉంటుంది.

డ్రేపర్ వృత్తి హైదరాబాద్‌లో పెళ్లిళ్ల ద్వారా బలపడింది. ముందురోజే కుచ్చిళ్లు, పైట మడతలు పెట్టి, ఇస్త్రీ చేసి, పెట్టెలో సర్ది ఇచ్చే ‘బాక్స్ ఫోల్డింగ్’ పద్ధతి పెళ్లికూతుళ్ల కోసం పుట్టి షూట్లకూ పాకింది. చిన్న షూట్లలో స్టైలిస్ట్, డ్రేపర్, జడ వేసే మనిషి ఒక్కరే కావడమూ మామూలే.

షోరూం పై అంతస్తులోనో గోడౌన్ పక్కనో షూట్ పెట్టినప్పుడు బట్టలు మార్చుకోవడానికి సరైన గది ఉండదు. ట్రయల్ రూంలో ఇద్దరు నిలబడితే చేతులు ఆడవు, చీర కట్టడానికేమో కనీసం ఇద్దరు కావాలి. మూడు వైపులా తెరలు కట్టి మహిళలే లోపలికి వెళ్లేలా చూడటం స్టైలిస్ట్ బాధ్యత. షూట్ నడుస్తుండగా పైట సర్దవలసి వస్తే మోడల్‌కు ముందు చెప్పి, అడిగి సర్దడం మర్యాద. ఆ పని ఫొటోగ్రాఫర్ చేయరు.

పని సాగే తీరు

*ముందస్తు సిద్ధం*

ముందుగా మూడ్ బోర్డు తయారవుతుంది. ఏ చీరకు ఏ జాకెట్టు, ఏ నగ, ఏ జడ అన్నది ఒక్కో ‘లుక్’గా రాసుకుంటారు. చీరలు దుకాణం నుంచి రసీదు మీద తీసుకుంటారు. ట్యాగు నంబరు, ధర, ఉన్న మరకలు, లాగిన పోగులు అప్పుడే ఫోన్‌లో ఫొటో తీసుకోవాలి. తిరిగి ఇచ్చేటప్పుడు వచ్చే తగవుల్లో చాలావరకు ఆ ఫొటోతోనే తీరుతాయి.

లుక్‌ల వరుస నిర్ణయించడమూ ఒక విద్యే. ఖరీదైన చీర ముందు కట్టాలా, చివర కట్టాలా అంటే, మేకప్ తాజాగా ఉండి మోడల్ చెమటపట్టకముందే ముందు కట్టడం నయం. లేతరంగు చీరలు ముదురు వాటికన్నా ముందు రావాలి, ముదురు పట్టు రంగు లోపలి లంగాకు, చేతులకు అంటవచ్చు. జడ మారే లుక్‌లు ఒక చోట కలపాలి. పూలజడ విప్పి మళ్లీ వదులుజుట్టు చేయడానికి పట్టే సమయంలో రెండు చీరలు కట్టేయవచ్చు.

*మడత గీతలు*

షోరూం చీర నెలల తరబడి మడతలో ఉండి వస్తుంది. విప్పితే అడ్డంగా, నిలువుగా గీతలు. కంటికి అంతగా ఆనవు, పక్కనుంచి లైటు పడితే ఒక్కో గీత నల్లటి చారలా తేలుతుంది. నూలు చీరకు ఆవిరి పట్టవచ్చు. పట్టు మీద స్టీమర్ నీటి చుక్క పడితే మచ్చ నిలిచిపోయే ప్రమాదం ఉంది. జరీ అంచును నేరుగా ఇస్త్రీ చేయకూడదు. తిరగేసి, పైన పలుచటి నూలు గుడ్డ వేసి, తక్కువ వేడితో నొక్కాలి. రోలింగ్‌కు ఇస్తే గీతలు బాగా పోతాయి, కానీ చీర తిరిగి వచ్చేటప్పుడు షోరూం మడత కాకుండా గొట్టానికి చుట్టిన చుట్టగా వస్తుంది. దుకాణం ఒప్పుకుంటేనే ఆ దారి.

ఆర్గంజా వేరే రకం తలనొప్పి. ఇస్త్రీ చేసిన అయిదు నిమిషాలకే కూర్చుంటే ముడత పడుతుంది. అందుచేత ఆర్గంజా లుక్ అయ్యేదాకా మోడల్ నిలబడే ఉంటుంది.

*జాకెట్టు*

చీరతో వచ్చే జాకెట్టు ముక్క చీరలోనే, సాధారణంగా లోపలి కొసన, అతికే ఉంటుంది. చీర అమ్మాలి గనుక దాన్ని కత్తిరించడానికి వీల్లేదు. దీంతో ఒకేసారి రెండు చిక్కులు వస్తాయి. మొదటిది, కట్టేటప్పుడు ఆ 80 సెంటీమీటర్లు కూడా నడుము చుట్టే తిరిగి బొద్దుగా కనిపిస్తుంది. నేర్పున్న డ్రేపర్ ఆ ముక్కను లంగా లోపలికి మడిచి వెనుకవైపు పరుస్తారు. రెండోది, మోడల్ వేసుకునే జాకెట్టు చీరలోది కాదు. మ్యాచింగ్ సెంటర్‌లో గుడ్డ కొని ముందే కుట్టించినదో, స్టైలిస్ట్ దగ్గర ఉన్న సర్దుబాటు జాకెట్టో అవుతుంది. ఎరుపు, ఆకుపచ్చ, బంగారు, నలుపు రంగుల్లో, వెనుక తాళ్లతో బిగించుకునే జాకెట్లు స్టైలిస్ట్ సంచిలో ఎప్పుడూ ఉంటాయి. కొలత సరిపోకపోతే వెనుక క్లిప్పులు పెడతారు. ముందునుంచి అచ్చం ఒంటికి కుట్టినట్టుంటుంది, వెనుక చూస్తే బట్టలు ఆరేసిన తీగలా క్లిప్పుల వరుస.

ఫొటోలో మగ్గం వర్క్ జాకెట్టు చూసి చీర కొన్నవాళ్లు, ఇంటికి వచ్చిన సాదా ముక్క చూసి వాపసు పంపుతారు. ‘జాకెట్టు మోడల్ స్టైలింగ్ కోసం మాత్రమే’ అన్న మాట అందుకే వివరణలో పెట్టాలి (చూ. చట్టాలు).

*కట్టు*

కొన్నాక ఇంట్లో చీరకు ఫాల్ వేయించి, పీకో కొట్టిస్తారు. షూట్‌కు వచ్చే చీరకు ఆ రెండూ ఉండవు. ఫాల్ లేని పలుచటి చీర కింది అంచు నేలకు ఆనకుండా పైకి చుట్టుకుంటుంది, కుచ్చిళ్లు విసనకర్రలా విచ్చుకుంటాయి. ఈ చిక్కును డ్రేపర్ ఎలా దాటుతారో ఒక గద్వాల చీరను కడుతున్నప్పుడు చూస్తే తెలుస్తుంది. గద్వాల చీర ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. రెండూ ఒకేలా వేలాడవు, పట్టు అంచు బరువుతో కిందికి లాగుతుంటే నూలు ఒళ్లు పైన పొంగుతుంది. డ్రేపర్ ముందు లంగాను గట్టిగా, మోడల్ వేసుకునే చెప్పుల ఎత్తుకు సరిగ్గా కట్టిస్తారు. చెప్పులు వేయకుండా కడితే తర్వాత రెండంగుళాలు పైకి లేస్తుంది. చీర మొదటి చుట్టు బొడ్డు దగ్గర దోపి, అంచు నేలకు సమంగా ఉందో లేదో మోకాళ్ల మీద కూర్చుని చూస్తారు. కుచ్చిళ్లు పట్టి, పైన పిన్ను కాకుండా క్లిప్పు పెట్టి దోపుతారు. మోకాలి దగ్గర లోపలి నుంచి మరో క్లిప్పు కుచ్చిళ్లను కలిపి ఉంచుతుంది, బయటికి కనబడదు. తర్వాత పైట మడతలు అంచు పైకి వచ్చేలా పెట్టి, ‘కొంచెం ఇటు తిరుగమ్మా’ అంటూ భుజం వెనుక నుంచి చీరను జాకెట్టుకు కలుపుతారు.

పట్టులో సేఫ్టీపిన్ను గుచ్చిన కన్నం పూర్తిగా పూడదు. తప్పనిసరై గుచ్చితే పోగుల మధ్య సందులో, అంచు దారం దగ్గర, పిన్ను వెనుక ఒక పూస వేసి గుచ్చుతారు. పూస ఉంటే పిన్ను చుట్టలో గుడ్డ ఇరుక్కోదు. పెళ్లికి కట్టేవాళ్లు విచ్చలవిడిగా పిన్నులు వాడతారు. షూట్‌కు కట్టేవాళ్లు వాడిన ప్రతి పిన్నూ లెక్కపెట్టుకుని తీస్తారు, ఒక్కటి మిగిలినా అది కొన్నవాళ్ల చేతికే గుచ్చుకుంటుంది.

గోచీకట్టు వంటి పాత తెలంగాణ కట్లు అప్పుడప్పుడు అడుగుతారు. వాటికి పొడవైన చీర కావాలి, నేటి మామూలు కొలత చీరతో కాళ్ల దగ్గర గుడ్డ చాలదు.

*రంగు, లైటు*

ఆన్‌లైన్ చీరల వ్యాపారంలో ఎక్కువగా వినిపించే ఫిర్యాదు ‘ఫొటోలో ఒక రంగు, ఇంటికొచ్చింది ఒక రంగు’ అన్నదే. అందులో కొంత లైటు తప్పు, కొంత పట్టు స్వభావం. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు వేసి నేసిన డబుల్ షేడ్ చీర కోణం మారితే రంగు మారుస్తుంది. ఎదురుగా నెమలికంఠం రంగులో ఉన్నది కుచ్చిళ్ల మలుపులో వంగపండు రంగు తేలుతుంది. ఒక్క ఫొటోలో రెండూ చూపాలంటే కుచ్చిళ్లు కొన్ని తెరిచి, కొన్ని మూసి పెట్టాలి.

పగటి వెలుగు రంగు ఉష్ణోగ్రత సుమారు 5500 కెల్విన్, పాత పసుపు బల్బుది 2700 కెల్విన్ ప్రాంతం. షోరూంలో జరీ మెరవడానికి పసుపు లైట్లు, రంగు తెలియడానికి తెల్ల లైట్లు రెండూ కలిపి పెడతారు. ఆ మిశ్రమంలో తీసిన ఫొటోలో చీర ఒక పక్క పసుపుగా, మరో పక్క నీలంగా వస్తుంది. షూట్ మొదలయ్యే ముందు షోరూం లైట్లన్నీ ఆర్పించడం, బూడిదరంగు కార్డు పెట్టి ప్రతి లుక్‌కు ఒక ఫొటో తీయడం అందుకే. చీరను పక్కన పెట్టుకుని కంప్యూటర్ తెర మీద రంగు పోల్చేది స్టైలిస్టే. రీటచర్ చేతికి చీర రాదు, ఫొటోయే వస్తుంది.

జరీ మెరుపును పోలరైజింగ్ ఫిల్టర్ ఒక్కటే అదుపు చేయలేదు, లోహపు మెరుపు దానికి లొంగదు. లైటును పెద్ద తెర గుండా పంపి మెత్తబరచడం, పక్కకు జరపడమే మార్గం. సన్నటి గళ్ల నూలు చీరల్లో, ఇక్కత్ బుటాల్లో చీర మీద లేని అలలు ఫొటోలో తేలడం ఇంకో సమస్య. కెమెరా కొద్దిగా వెనక్కి తీసుకున్నా, కోణం మార్చినా తగ్గుతుంది. ఇక్కత్ విషయంలో మరో జాగ్రత్త కావాలి. దారానికే ముందుగా రంగులద్ది నేస్తారు కాబట్టి బుటా అంచులు కొద్దిగా చెదిరినట్టు ఉంటాయి. అది నేత లక్షణం. రీటచర్ దాన్ని తప్పనుకుని సరిచేస్తే చీర ప్రింటు చీరలా మారిపోతుంది. ఆ చెదురు అంచును కాపాడమని స్టైలిస్ట్ రాసి పంపాలి.

*నగలు, జడ, పాదాలు*

నిజం బంగారం షూట్‌కు తేవడం అరుదు. వన్ గ్రామ్ గోల్డ్ కాసులపేరు, వంకీలు, వడ్డాణం, బుట్టకమ్మలు, పాపిడిబిళ్ల సరిపోతాయి. అయితే వాటి కొక్కేలు, రాళ్ల గరుకు అంచులు పట్టు పోగును లాగేస్తాయి. చీర కట్టాక చివరిగా నగలు పెట్టి, విప్పేటప్పుడు ముందు నగలు తీసే క్రమం తప్పకూడదు. వడ్డాణం కింద పలుచటి గుడ్డ ముక్క పెట్టడం తెలిసినవాళ్ల అలవాటు. గుచ్చిన పూలలో మల్లె, కనకాంబరం మధ్యాహ్నానికి వాడతాయి. తడిగుడ్డలో చుట్టి ఉంచినా లైట్ల వేడికి మూడు నాలుగు లుక్‌లే నిలుస్తాయి. లిప్‌స్టిక్, ఫౌండేషన్ పైట మీద పడకుండా చీర మార్చేటప్పుడు మొహానికి పలుచటి గుడ్డ కప్పుతారు. అరువు తెచ్చిన చెప్పుల అడుగున టేపు అంటిస్తారు.

బయటి ప్రదేశాలు

సరూర్‌నగర్ చెరువు, వనస్థలిపురం దగ్గరి మహావీర్ హరిణ వనస్థలి, విజయవాడ దారిలో 1996లో మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీ, పోచంపల్లి నేత వాడలు ఈ ప్రాంతపు స్టైలిస్టులకు అందుబాటులో ఉన్నవి. హరిణ వనస్థలి జాతీయ ఉద్యానం. కృష్ణజింకలు తిరిగే అక్కడ అటవీశాఖ అనుమతి లేకుండా షూట్ చేయడం కుదరదు. ఫిల్మ్ సిటీ ఖర్చు క్యాటలాగ్ పనికి పొసగదు. పోచంపల్లిలో మగ్గం ముందు మోడల్‌ను నిలబెట్టాలనుకునేవాళ్లు ఒక సంగతి గ్రహించాలి. మగ్గం గుంటలో నేతకారుడు కూర్చుని పనిచేస్తుంటాడు, షూట్ జరిగినంతసేపూ ఆయన పని ఆగుతుంది. ఆ పూట కూలి ఇచ్చే ఏర్పాటు ముందే మాట్లాడుకోవాలి.

దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద తీయాలనుకుంటే తెల్లవారుజామునే. ఏడు దాటితే కాలేజీ బస్సులు, కోచింగ్‌కు పోయే పిల్లలు, మెట్రో మెట్ల కింద ఆటోలు. రోడ్డు పక్క షూట్‌లో నేలను తాకే కుచ్చిళ్లకు పట్టే దుమ్ము కూడా చీరతో పాటు షోరూంకే వెళుతుంది. కింద పారదర్శక ప్లాస్టిక్ షీటు పరచి, ఫొటోలో తర్వాత చెరిపేయడం ఒక ఉపాయం.

ఋతువులు, పంచాంగం

వస్త్ర వ్యాపారపు క్యాలెండర్ పంచాంగమే. శ్రావణమాసపు వరలక్ష్మీ వ్రతం, బతుకమ్మ–దసరా, దీపావళి, సంక్రాంతి, పెళ్లి ముహూర్తాలు అమ్మకాల కాలాలు. ఫొటోలు వాటికి నెల ముందైనా సిద్ధం కావాలి. శ్రావణం సరుకు షూట్ జ్యేష్ఠ, ఆషాఢాల్లో పడుతుంది. అప్పుడే వానలు మొదలవుతాయి, ఆషాఢం డిస్కౌంట్లతో షోరూం కిక్కిరిసి పై అంతస్తు కూడా ఖాళీ దొరకదు, ఆదివారాల్లో బోనాల ఊరేగింపులతో రోడ్లు మూతపడతాయి. వేసవి పెళ్లిళ్ల షూట్లకు ఎండలు 40 డిగ్రీలకు చేరువవుతున్నప్పుడు కంచిపట్టు కట్టి నిలబెట్టాలి. చంకల్లో చెమట ప్యాడ్లు, లుక్‌కు లుక్‌కు మధ్య ఫ్యాను, మజ్జిగ తప్పనిసరి. పట్టు జాకెట్టు మీద చెమట మరక ఎండినా వలయంలా నిలుస్తుంది.

మూఢంలో పెళ్లిళ్లు ఉండవు కాబట్టి డ్రేపర్లు, మేకప్‌వాళ్లు ఖాళీగా దొరుకుతారు. తెలివైన దుకాణదారులు క్యాటలాగ్ పని అప్పుడే పెట్టుకుంటారు.

వాపసు

షూట్ ముగిశాక స్టైలిస్ట్ పని సగమే అయినట్టు. చీరను పరచి, వెలుగులో రెండు వైపులా చూసి, పిన్నులు, క్లిప్పులు, వెంట్రుకలు, గంధపు మరకలు లేవని నిర్ధారించుకోవాలి. తర్వాత షోరూం మడత. ఒక్కో దుకాణానిది ఒక్కో తీరు, కొన్నిచోట్ల కొంగు పైకి కనిపించాలి, కొన్నిచోట్ల అంచు. విప్పేముందు తీసిన ఫొటో ఇక్కడ మళ్లీ పనికొస్తుంది. మడత ఒక అంగుళం తప్పినా పాత గీత పక్కన కొత్త గీత పడి, చీర ఎవరో కట్టినట్టు కొనేవాళ్లకు తెలిసిపోతుంది. ట్యాగు దారం తెగి ఉంటే ఎవరూ కట్టకపోయినా కట్టిన చీరే.

దెబ్బతిన్న చీర ఎవరి ఖాతాలో పడాలన్నది ముందే రాతలో ఉండాలి. చిన్న షూట్లలో అది మాటమీదే నడుస్తుంది, తగవు వచ్చినప్పుడు నష్టపోయేది చాలావరకు స్టైలిస్టే.

చట్టాలు, హక్కులు

1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తొలి హక్కుదారు తీయించినవారే. అంటే దుకాణానిదే. ఆ ఫొటోలను తమ పనికి నమూనాగా పెట్టుకోవాలంటే ఫొటోగ్రాఫర్, స్టైలిస్ట్ ముందే అనుమతి రాయించుకోవాలి.

2019 వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనలను నిషేధిస్తుంది. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా విధించవచ్చు. పవర్‌లూమ్ ప్రింటును పోచంపల్లి అని చూపడం, మిశ్రమ నూలును శుద్ధ పట్టు అనడం స్టైలింగ్ పరిధిలోని విషయాలు కావు. అయినా ఫొటోలో చేనేత మార్కు, సిల్క్ మార్కు లేబుళ్లు పెట్టమని అడిగినప్పుడు ఆ చీరకు ఆ లేబుల్ నిజంగా ఉందో లేదో చూడవలసింది షూట్‌లోనే.

పట్టులంగా, ఓణీలు వేసుకునే చిన్నపిల్లల షూట్లకు నియమాలు గట్టివి. బాల కార్మిక నిషేధ చట్టం కింద 2017లో సవరించిన నిబంధనల ప్రకారం ప్రకటనలు సహా దృశ్య శ్రవణ పనుల్లో పిల్లలు రోజుకు 5 గంటలకు మించి పనిచేయరాదు, విశ్రాంతి లేకుండా 3 గంటలు దాటరాదు. జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి, పిల్లల ఆదాయంలో కనీసం 20 శాతం వారి పేరిట జాతీయం చేసిన బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయాలి.

ప్రాముఖ్యం

పేటలో చీర కొనడం అంటే ఇంతకాలం కౌంటర్ మీద పరిపించి, వేలితో రుద్ది, వెలుగు దగ్గరికి తీసుకెళ్లి చూడటం. అమ్మేవాడు ఒక చెంగు తన భుజానే వేసుకుని చూపించేవాడు. ఫోన్‌లో కొనేవాళ్లకు వేలు ఆనే వీలు లేదు, గుడ్డ బరువు, పడే తీరు, రంగు మలుపు అన్నీ ఫొటోయే చెప్పాలి. అంటే కౌంటర్ వెనుక సేల్స్‌మన్ చేసే పనిలో కొంత భాగం స్టైలిస్ట్‌కు చేరింది. కుచ్చిళ్లు మరీ బిగించి కడితే పలుచటి చీర మందంగా అనిపిస్తుంది, క్లిప్పులతో నడుము సన్నగా చేస్తే గట్టి పట్టు మెత్తగా అనిపిస్తుంది. రెండూ వాపసులకే దారితీస్తాయి.

కొన్ని దుకాణాలు ఇప్పుడు స్టైల్ చేసిన ఫొటోతో పాటు, చీరను కౌంటర్ మీద సాదాగా పరచి, పగటి వెలుగులో, ఏ దిద్దుబాటూ లేకుండా తీసిన ఇంకో ఫొటో కూడా పెడుతున్నాయి.